వరండాలోంచి విన్న పాఠం

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అల్లుడిగారి దగ్గు తగ్గింది, గురక మాత్రం ఏ మందుకూ లొంగడం లేదు. మీ మోకాలి నొప్పి ఎలా ఉందో ఈసారైనా దాచకుండా రాయండి.

మా బడి లెక్కల మాస్టారు దారికొచ్చాడా అని అడిగారు కదా, చెబుతాను. హెడ్మిస్ట్రెస్‌గా నా తనిఖీ ఎలా ఉండేదో మీకు తెలుసు. వరండాలో నడుస్తూ, ఏ గదిలోంచి చప్పుడు రాదో ఆ గదిలో పాఠం బాగా సాగుతోందని రాసుకునేదాన్ని. లెక్కల గది ఎప్పుడు చూసినా సంతే.

ఈమధ్య హెడ్మాస్టర్లకు మెళకువలు నేర్పడానికి ఒక పెద్దావిడ వారం వారం వస్తున్నారు. తప్పులు ఎంచరు, ప్రశ్నలడుగుతారు. ఆ లెక్కల గది గోలలో పిల్లలు ఏం మాట్లాడుకుంటున్నారని అడిగారు. వరండాలోంచే విన్నానన్నాను. ఆవిడ నన్ను ఆ గదికి వెంటబెట్టుకుని వెళ్లి, వెనక బెంచీలో ఓ పిల్ల పక్కన కూర్చోబెట్టారు.

మధ్యాహ్నపు ఎండలో సుద్దపొడి తేలుతోంది. నాకు నిద్రకీ మెలకువకీ మధ్య ఉన్నట్టు అనిపించింది. చుట్టూ చిన్న చిన్న గొంతులు. ఒకడు భిన్నాల దగ్గర తడబడితే ఇంకొకడు కాగితం మడిచి చూపిస్తున్నాడు. నా పక్క పిల్ల, "అర్థం కాలేదా? నేను చెప్తాలెండి" అంది. ఇన్నాళ్లూ నేను గోల అనుకున్నది వాళ్ల చదువే నాన్నా. గంట కొట్టినా లేవబుద్ధి కాలేదు.

ఇప్పుడు గురువారం సాయంత్రాలు టీచర్లందరం ఒకే బల్ల చుట్టూ చేరి ఒక పాఠాన్ని కలిసి తయారు చేస్తున్నాం. ఎక్కువగా మాస్టారే మాట్లాడతారు. నేను వింటాను.

ఇంతవరకూ మీకు రాయనిది ఒకటుంది. ఆ గదిలో అడుగైనా పెట్టకముందే, ఆయన్ని తీసేయమని పై ఆఫీసుకు రిపోర్టు పంపేశాను. ఆ పాఠం విన్నాక నెల రోజులు ఆయన మొహంలోకి చూడలేకపోయాను. మొన్న దాన్ని వెనక్కి తీసుకుంటానని వెళ్తే, అక్కడి గుమస్తా, "తప్పు మీదేనని రాసిస్తే మీ హెడ్మిస్ట్రెస్ పదవి ఉండదండీ, ఆలోచించుకోండి" అన్నాడు. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టేశాను.

మాస్టారికి అంతా చెప్పాను. ఆయన వింటూనే బోర్డు తుడవడం పూర్తిచేశారు. తర్వాత, "నాలుగో తరగతికి టీచరు లేరు మేడమ్. తీసుకుంటారా?" అన్నారు.

సోమవారం నుంచి నేను నాలుగో తరగతి టీచర్ని. అమ్మ వీధంతా హెడ్మిస్ట్రెస్ తల్లినని చెప్పుకుంటోంది, ఆవిడకి మీరే నెమ్మదిగా చెప్పండి. నాకా ధైర్యం లేదు. సుద్దముక్క పట్టి పదకొండేళ్లయింది. భయంగా ఉంది, సంతోషంగానూ ఉంది. పాఠం బాగాలేకపోతే మొహం మీదే చెప్పమని మాస్టారిని అడిగాను. తప్పకుండా చెప్తానన్నారు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి