మావాడిది కాదన్న పాట

నా చిచ్చిల్లూ,

నీ చెల్లి ఓర్సొలా పోయి నెలయింది. చర్చిలో నెలనాటి పూజలో నువ్వు రోము నుంచి పంపిన పాటే పాడారు. కార్నివాల్ పండక్కి మన నేపుల్స్‌లో ఆడిన నీ ఓపెరాలోని బాణీకే ప్రార్థన మాటలు పెట్టావు కదా, అందరూ గుర్తుపట్టారు. పక్కింటి పోర్జియా, "ఏమ్మోవ్, ఇది ఆ ఓపెరాలో రాణి తన ప్రియుడికి పాడేది కదూ? మీవాడు దేవుణ్ణి కూడా స్టేజీ ఎక్కించాడే" అని నవ్వింది. సిగ్గేసి, "మావాడిది కాదు" అనేశాను.

మంచాన పడ్డాక ఓర్సొలా ఆఖరిదాకా కూనిరాగం తీసింది ఆ బాణీయే. ఆ సంగతి నేను రాయించిన ఉత్తరంలో చూసే ఆ పాట పంపావు. నీ చెల్లి పూజలోనే నిన్ను కాదన్నాను. తలెత్తుకోలేకపోతున్నాను.

ఆదివారం చర్చి గుమ్మంలో, అందరూ వినేలా, పోర్జియాతో "మావాడిదే" అని చెబుతాను. పాటల ధ్యాసలో పస్తులుండకు నాన్నా. వేళకు కడుపునిండా తిను.

అమ్మ