నాగమ్మత్త బస్సులో చెప్పిన మాట

అక్కా,

నువ్వు పోయి రేపటికి మూడేళ్లు. ఇవాళ మదనపల్లెలో సినిమాకు పోతే, పక్క సీట్లో మన వీధి నాగమ్మత్త కూర్చుని ఉంది. ఆమెతో నేను మాట్లాడక మూడేళ్లయింది.

సినిమాలో పల్లె నుంచి సిటీకి పోయిన ఆటో డ్రైవర్ మీద హత్యానేరం మోపుతారు. అతని యాస విని, మాసిన చొక్కా చూసి అందరూ నమ్మేస్తారు. అసలు హంతకుడెవరో చివరిదాకా తెలియదు.

బెంగళూరులో నువ్వు వంట చేసిన ఇంట్లోనూ అంతే కదా. గొలుసు కనిపించకపోతే ముందు నీ సంచే వెతికారు. వారానికి అది వాళ్ల పరుపు కిందే దొరికింది. ఆ సంగతి మనం ఎంత చెప్పినా ఊరు వినలేదు. నిందను ఇల్లిల్లూ మోసింది నాగమ్మత్తే.

డ్రైవర్ నిర్దోషి అని తేలగానే హాలంతా ఈలలు వేసింది. అత్త మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు తంబళ్లపల్లె బస్సులో మన ఊరి ఆడవాళ్లు పలకరించారు. "సినిమా ఎట్లుండాది నాగమ్మా?"

అత్త లేచి నిలబడింది. "సినిమా మాట పక్కన పెట్టండమ్మా. మన రాజమ్మ ఆ గొలుసు తియ్యలేదు. అది వాళ్లింట్లోనే దొరికినాది. నేనే నోరు పారేసుకుంటి."

బస్సులో అందరూ ఆమె వైపు తిరిగారు. వెనక నుంచి కోమటి సుబ్బమ్మ, "ఆ బిడ్డ చేతి వంట తినని ఇల్లుండాదా మనూర్లో?" అంది. ఇక ఊరు వచ్చేదాకా అందరూ నీ మాటలే చెప్పుకున్నారు.

దిగాక అత్త నా చేయి పట్టుకుంది. "రేపు రాజమ్మ దినానికి నన్ను రానిస్తావామ్మా?"

రమ్మన్నాను అక్కా. పొద్దున్నే రమ్మన్నాను.

నీ చెల్లెలు