శ్యాంసన్‌కు స్కానింగ్

పుల్లలచెరువు

ప్రభువునందు ప్రియమైన ఫెబీకి, పెద్దమ్మ సరోజమ్మ వందనాలు.

ఇక్కడ మిద్దె ఎక్కితేనే సిగ్నల్, నాకేమో మోకాళ్ల నొప్పి. అందుకే ఉత్తరం. కోత పండగ విందుకు మన పొట్టేలు శ్యాంసన్‌ను చర్చికి ఇస్తానని మీ పెదనాయన మొక్కుకున్నాడు. అది ముదిరిపోయింది. పోయినసారి మనమిచ్చిన ముసలి మేకను నమల్లేక పాస్టరుగారి కట్టుడు పళ్లు పళ్లెంలో పడినాయి. మళ్లీ అట్లయితే నేను చర్చి గడప తొక్కలేను. నువ్వు పనిచేసే ల్యాబులో మాంసాన్ని మెత్తగా చేస్తారంట, ఎట్లనో చెప్పు తల్లీ.

ఇట్లు, పరువు గుప్పిట్లో పెట్టుకున్న మీ పెద్దమ్మ.

తా.క.: కుక్కర్ సంగతి ఎత్తొద్దు. పోయినసారి అదే అలిసిపోయింది.

---

హైదరాబాదు

పెద్దమ్మకు, పెదనాయనకు వందనాలు.

మేం కరెంటుతో, శబ్ద తరంగాలతో మాంసంలోని గట్టి పోగులను సడలిస్తున్నాం. స్కానింగ్ మిషనుకు దగ్గరి చుట్టమే, కాకపోతే బలం చాలా ఎక్కువ. ఇంకా ప్రయోగాల్లోనే ఉంది, పండగకు అందదు.

మీ ఫెబీ.

తా.క.: కరెంటు మాట పెదనాయన చెవిన వేయకు. మోటారు వైర్లు పీకి తెస్తాడు.

---

పుల్లలచెరువు

ఫెబీ తల్లికి,

కరెంటు మాట చెప్పలా. స్కానింగ్ మాటే చెప్పినా. అంతే! తెల్లారేసరికి మీ పెదనాయన శ్యాంసన్‌ను ఆటో ఎక్కించి మార్కాపురం స్కానింగ్ సెంటరుకు బయల్దేరినాడు. చేసేదేముంది, నేనూ ఎక్కినా.

కౌంటర్లో పిల్ల తలెత్తకుండా "ఎన్నో నెల?" అన్నది.

"నెలలేంది, ఆరేళ్లు!" అన్నాడు.

అప్పుడు తలెత్తింది. ఇక్కడ ఆడో మగో చెప్పరని గోడమీదున్న బోర్డు చూపించింది.

"కనపడట్లా మగదని? నువ్వేంది చెప్పేది!" అని ఈయన అరుపు. మెడబట్టి గెంటినారు. ఆదివారమే పండగ, ఏంది నా గతి?

తల బొప్పి కట్టిన మీ పెద్దమ్మ.

తా.క.: లైన్లో ఉన్న ఆడోళ్లంతా శ్యాంసన్‌ను ముద్దుచేసినారు. మీ పెదనాయన దారంతా దాని మెడ నిమురుతానే ఉన్నాడు.

---

హైదరాబాదు

పెద్దమ్మా,

నవ్వాపుకోలేక సార్లతో తిట్లు తిన్నాను. అది కోసిన మాంసానికి చేసేది, ప్రాణమున్నదానికి కాదు! మొక్కు ఇవ్వడమే కదా, నమిలించడం కాదు కదా. ప్రాణంతోనే ఇచ్చి, చర్చికొచ్చిన కానుకల వేలంలో పెట్టమనండి.

ఫెబీ.

---

పుల్లలచెరువు

బంగారు తల్లికి,

గండం గట్టెక్కింది! నువ్వన్నట్టే ఇచ్చినాం. విందుకు కోళ్లు వండినారు, ఒక్క పన్నూ ఊడలా. ప్రభువుకు స్తోత్రం!

వేలంలో మీ పెదనాయనే పాట మొదలుపెట్టినాడు. మన పక్కింటి ఆదెమ్మ ఊరుకుంటదా? "స్కానింగైన పొట్టేలు, కూర వండితే వెన్నే!" అని పాట పెంచుతానే ఉంది. ఈయన వదల్లా. పాడి పాడి ఇంటికి తోలుకొచ్చినాడు.

"ఇచ్చినదాన్ని మళ్లీ కొనడమేందయ్యా?" అంటే, "ఆస్పత్రి దాకా నన్ను నమ్మి వచ్చిందే, కత్తికెట్ల ఇచ్చేది?" అని కండువాతో కళ్లొత్తుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ప్రాణం హాయిగా ఉంది తల్లీ.

నిమ్మళంగా నిద్రపోతున్న మీ పెద్దమ్మ.

తా.క.: మిషను తగలకుండానే మీ పెదనాయన మెత్తబడినాడని మీ సార్లకు చెప్పు. ముప్పై ఏండ్లుగా నావల్ల కాలా.