గొర్రె తాగనిచ్చిందా?

బుధవారం

ధర్మవరంలో జరిగే పిల్లల అంతర్జాతీయ సినిమా పండగకు సినిమాలు ఏరే పని మా మనవరాలు సునీతది. ఈ రోజు ఒకటి నాకు చూపించింది.

"కింద పడే ఇంగ్లీషు అక్షరాలు నీ మాదిరి చదవలేని పిల్లోళ్లకు అర్థమైతాదో లేదో చెప్పు తాతా."

"నన్ను ఒకటో తరగతిలో చేరుస్తాండావా?" అని కసిరాను.

"ఊ, గమ్మునుండి చూడు."

ఏదో మంచు దేశం. ఈనిన గొర్రె తన పిల్లనే తన్నేస్తోంది. ఒక పాప గొర్రె కాలు పట్టుకొని పిల్లకు పాలు తాపింది. కనగానపల్లిలో మా మందలో మేమూ అంతే చేస్తాం. చివరకు పాప కాలు వదిలింది. సినిమా అయిపోయింది!

"తాగనిచ్చిందా, తన్నిందా?"

"అది చెప్పరు తాతా. పిల్లోళ్లకు అర్థం కాదని తీసేద్దామనుకుంటాండా."

"తీసేస్తే ఊరుకోను. పెట్టు."

పెడతానంది. పండగ రోజు ఒకటో తరగతి పిల్లల మధ్యనే కూర్చుంటాను. గొర్రె ఏం చేసుంటుందో వాళ్లనే అడగాలి.