శాంతయ్యకు వేసిన కుర్చీ

నందిగామ,
19-6-2005, ఆదివారం.

చిరంజీవి ఆమనిని నాన్న మనసారా దీవించి వ్రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే, మీ అమ్మ మోకాలి నొప్పి ఆవిడ మోకాల్లోనే ఉంది, నా బీపీ నాలోనే ఉంది, కొత్తవేమీ చేరలేదు. నువ్వడిగిన ఆవకాయ రెండు సీసాల్లో పెట్టి, మూతలకు గుడ్డకట్టి సిద్ధంగా ఉంచింది. హైదరాబాదు వచ్చేవాళ్ళు దొరకడమే ఆలస్యం. హాస్టలంతా పంచిపెట్టి మూడో రోజుకే ఖాళీ చేయవద్దని మరీ మరీ రాయమంది. రాశాను. నువ్వు వినవని కూడా ఆవిడకు చెప్పాను.

మిల్లుల ఫైళ్ళన్నీ ఎందుకు తిరిగి ఇచ్చేశావని మొన్న ఫోనులో అడిగావు. ఓపిక లేదన్నాను. అది అబద్ధం. మీ అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు. ఈ ఉత్తరం కూడా ఆవిడకు చూపించడం లేదు.

ఇక నీ ఉత్తరంలోని అసలు ప్రశ్న. మీ సీనియరుగారు నీచేత శాంతయ్య కేసు తీర్పు చదివించారని, "ఇంత శుభ్రమైన ఎంక్వైరీ నా సర్వీసులో చూడలేదు, మీ నాన్నగారిని అడిగి నేర్చుకో" అన్నారని రాశావు. ఇరవై ఏడో తేదీ సోమవారం నువ్వే మొదటిసారి ఎంక్వైరీ ఆఫీసరుగా ఒక మందుల కంపెనీలో కూర్చోబోతున్నావు. శాంతయ్య చేత తప్పు ఎలా ఒప్పించావు నాన్నా అని అడిగి, ఆ మాట కింద రెండు గీతలు గీశావు. నీ ఉత్తరం చదివి తండ్రిగా పొంగిపోవలసింది. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

చెబుతాను. పనివాణ్ణి తీసెయ్యాలంటే ముందు ఫ్యాక్టరీలోనే విచారణ జరపాలి, ఆ విచారణాధికారి ఎటువైపూ మొగ్గకూడదు. ఇది నీకు తెలిసిందే. అతన్ని నియమించేది, ఫీజు ఇచ్చేది యాజమాన్యమేనని కూడా తెలుసు. తెలియనిది ఆ పనివాడికే. నా పద్ధతి అంతా దానిమీదే నడిచింది.

1992లో జగ్గయ్యపేట రోడ్డులోని ఒక నూలు మిల్లు నన్ను పిలిచింది. శాంతయ్య ఇరవై ఏళ్ళుగా అక్కడ పనిచేస్తున్నాడు. డ్యూటీలో నిద్రపోయాడని అభియోగం. నిజానికి అతను యూనియన్‌కు చందాలు వసూలు చేయడం మొదలుపెట్టాడు, అది మేనేజరుకు గిట్టలేదు. నేను నల్లకోటు వేసుకుని వెళ్ళాను. ఫ్యాక్టరీ ఎంక్వైరీకి కోటు అక్కర్లేదు. అయినా ఎప్పుడూ వేసుకునే వెళ్ళేవాణ్ణి. శాంతయ్య లోపలికి రాగానే రెండు చేతులూ జోడించి "జడ్జిగారూ" అన్నాడు. మేనేజరు ముసిముసిగా నవ్వాడు. నేను కాదనలేదు.

మిగతావాళ్ళు పనివాళ్ళను నిలబెట్టి ప్రశ్నలడుగుతారు. నేను కుర్చీ వేయించేవాణ్ణి. టీ తెప్పించేవాణ్ణి. "నీకు జరిగిందేదో నిదానంగా చెప్పు నాయనా" అనేవాణ్ణి. ఆ కుర్చీలో కూర్చోవడానికి శాంతయ్య ఎంత మొహమాటపడ్డాడో! అంచున ఆనుకుని కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"ఒళ్ళు కాలిపోతందండీ ఆ రోజు. సూపర్‌వైజరు గారికి చెప్పాను. పోయి కాసేపు పడుకో అన్నారు. బేళ్ళ ఎనకాల పడుకున్నా. కునుకు పట్టిన మాట నిజమేనండి, మీకాడ అబద్ధమెందుకు?"

నేను కాగితం మీద ఒక్క ముక్కే రాశాను. డ్యూటీ సమయంలో నిద్రపోయిన మాట నిజమేనని కార్మికుడు స్వయంగా అంగీకరించాడు, అని. జ్వరం రాయలేదు. సూపర్‌వైజరు రాయలేదు. చదివి వినిపించమంటావా అని మర్యాదకు అడిగాను. "మీరు రాశాక మళ్ళీ వినేదేముందండీ" అని సంతకం పెట్టాడు. అతనికి వచ్చినవి తన పేరులోని అక్షరాలే. నా రిపోర్టు అంతకు ముందురోజే నందిగామలో టైపు చేయించి సంచిలో పెట్టుకున్నాను తల్లీ. ఆ ఒక్క వాక్యానికే చోటు ఖాళీగా ఉంచాను.

అతను లేబర్ కోర్టుకు వెళ్ళాడు. మిల్లు తరఫున నా మిత్రుడు దశరథరామయ్య వాదించాడు, నేను వెనక బెంచీ మీద కూర్చునేవాణ్ణి. వాయిదా వాయిదాకూ శాంతయ్య నన్ను చూసి "వచ్చారా అయ్యా, మీరుంటే న్యాయం జరుగుద్ది" అని దండం పెట్టేవాడు. ఏడేళ్ళు అలాగే పెట్టాడు. స్వయంగా ఒప్పుకున్నవాడికి ఇక చెప్పుకునేదేముందని తీర్పు వచ్చింది. ఆ తీర్పుతోనే నా పేరు కంచికచర్ల నుంచి కోదాడ దాకా పాకింది.

నీ ఉత్తరం వచ్చిన నాలుగో రోజున బస్సెక్కి వెళ్ళాను. ఆ మిల్లు గేటు దగ్గర వాకబు చేస్తే, హైవే పక్కన మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్‌గా ఉన్నాడన్నారు. జరిగిందంతా చెప్పి, కాళ్ళు పట్టుకోవలసి వస్తే పట్టుకుందామనే వెళ్ళాను. నన్ను చూడగానే స్టూలు మీద నుంచి లేచాడు. మనిషి సగమయ్యాడు.

"జడ్జిగారా! మా కోసం ఇంతదూరం వచ్చారా? మీరు రాసింది ఒకటండి, కోర్టులో పెట్టింది ఇంకోటండి. ఆ కంపెనీ ప్లీడరు కాయితాలు మార్చేశాడు. లేకపోతే నా జొరం సంగతి ఏమైపోద్ది? మీకు చెప్పానుగా! మీరు రాసుకున్నారుగా!"

అతను స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టి సోడా తేవడానికి రోడ్డు దాటాడు. అప్పుడు లోపల మిరపకాయల తొడాలు తీస్తున్న ఆడవాళ్ళలోంచి అతని భార్య పుల్లమ్మ బయటికి వచ్చింది. ముక్కుకు గుడ్డ, మండుతున్న చేతులు తనకు దూరంగా పట్టుకుని నిలబడింది.

"మీరెవరో నాకు తెలుసండి," అంది. "తీర్పొచ్చిన రోజే యూనియనోళ్ళు చెప్పారు. ఆయనకి నేనే చెప్పలేదు."

"ఎందుకమ్మా?" అన్నాను.

"తన మాట ఒకళ్ళన్నా పూర్తిగా విన్నారని చెప్పుకుంటాడండి, ఎవురొచ్చినా అదే చెబుతాడు. ఇరవయ్యేళ్ళు చేసినోడికి మిగిలింది అదొక్కటే. మీ మనసు తేలికపడుద్దని వచ్చినట్టున్నారు. చెప్పమాకండి. అది కూడా తీసుకుపోమాకండి. ఇంకెప్పుడూ ఇటు రామాకండి."

శాంతయ్య తెచ్చిన సోడా తాగాను. బస్సు వచ్చేదాకా నా పక్కనే నిలబడి, ఎక్కేటప్పుడు మళ్ళీ దండం పెట్టాడు. మర్నాడే ఫైళ్ళన్నీ ఇచ్చేశాను. అవి ఇచ్చేసినంత మాత్రాన నేనేమీ మంచివాణ్ణి కాలేదు, ఆ సంగతి నాకు తెలుసు.

ఆమనీ, నీ చదువు ఆ కేసుల మీదే సాగింది. అందుకు నువ్వు సిగ్గుపడనక్కర్లేదు, ఆ సిగ్గు నాది. సోమవారం నాడు ఆ కార్మికుడు వచ్చి నీ ఎదుట కూర్చుంటాడు. చిన్నపిల్లవి, మెత్తగా మాట్లాడతావు, శాంతయ్య నన్ను నమ్మినదానికంటే త్వరగా నిన్ను నమ్ముతాడు. అతను నోరు విప్పకముందే, నేను జడ్జిని కాను, నన్ను పెట్టింది కంపెనీ, నీకు తోడుగా ఒక మనిషిని తెచ్చుకో అని చెప్పు. మీ సీనియరుగారికి కోపం రావచ్చు, ఉద్యోగమే పోవచ్చు. పోతే ఇంటికి వచ్చెయ్యి. నేను శాంతయ్యకు ఇక ఈ జన్మలో చెప్పే వీలులేదు. నువ్వు మొదటి నిమిషంలోనే చెప్పెయ్యి.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూడటానికి కూడా జంకుతున్న
మీ నాన్న,
చంద్రమౌళి