ముందొచ్చిన బండి

మార్చి 4

పుట్టింది. రాయడానికి ఇవాళ కూర్చోగలిగాను.

మే నెలాఖరుకి రావాల్సిన మనిషి మార్చి ఒకటికే వచ్చేసింది. కిలో కూడా లేదు. డాక్టరమ్మ ఎత్తి చూపించిందంటారు, నాకు కనబడింది ఆవిడ మోచెయ్యి మాత్రమే. తీసుకెళ్ళి ఇంక్యుబేటర్‌లో పెట్టారు. ఒంటి నిండా వైర్లు, పైన మానిటర్. పెట్టెకి అంటించిన అట్ట మీద నా పేరు రాసి, పక్కన బేబీ అని రాశారు.

నాకు ఎవరూ కంగ్రాట్స్ చెప్పలేదు. వచ్చిన ప్రతివాళ్ళూ ధైర్యంగా ఉండమన్నారు. ఆడపిల్ల పుట్టింది నాకు. ధైర్యం నా దగ్గర బోలెడుంది, నేను అడిగింది అది కాదు.

మార్చి 5

పాలు పిండి ఇచ్చాను. సీసా అడుగు కూడా సరిగ్గా తడవలేదు. ఇదే బంగారం అంది సిస్టర్. ఆ ఒక్క మాటకి ఆవిడకి నా ఆస్తంతా రాసిచ్చేద్దును. లేదు కాబట్టి సరిపోయింది.

మార్చి 9

డిశ్చార్జి. నాకు మాత్రమే. టాక్సీలో ఒళ్ళో బ్యాగు పెట్టుకుని ఇంటికొచ్చాను.

మెట్ల దగ్గరే ఎదురింటావిడ ఆపింది. బెడ్ రెస్టట కదా, ఇలా తిరగొచ్చా అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తయ్య ఇంట్లోంచి వచ్చి నన్ను లోపలికి తోసేసింది.

సంగతేమిటంటే, నాకు కాన్పు అయిందని అత్తయ్య ఎవరికీ చెప్పలేదు. ఎదురింటికి, చుట్టాలకి, నా ఆఫీసుకి, అందరికీ ఒకటే మాట: బెడ్ రెస్ట్‌లో ఉంది, మే నెలాఖరుకి అన్నారు. మా ఆయన చేత కూడా అదే చెప్పించింది. ఆయన నేలచూపులు చూస్తూ, పిల్ల ఇంటికొచ్చాక అందరికీ చెబుదాంలే అన్నాడు. రాకపోతే అని అడిగాను. అత్తయ్య నా బ్యాగు తీసుకుని లోపలికెళ్ళిపోయింది.

అంటే నా కూతురు బతికి ఇంటికొస్తేనే పుట్టినట్టు. లేదంటే అసలు పుట్టనట్టే. ఒళ్ళు మండిపోయింది. అన్నం తిననన్నాను. తర్వాత తిన్నాను. పాలు రావాలి కదా.

మార్చి 12

బస్ స్టేషన్‌లో మైక్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. ఏ బండి ఏ ప్లాట్‌ఫారం మీదకొస్తుందో చెప్పాలి. ఆలస్యమైన బండికి మా దగ్గర ఒక వాక్యం ఉంది. ప్రయాణికులకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. నిద్రలో లేపినా చెప్తాను.

ముందొచ్చిన బండికి వాక్యం లేదు. దాన్ని గేటు బయటే ఆపేస్తారు. టైమయ్యాక లోపలికి వదులుతారు, అప్పుడు నేను చెప్తాను. అంతవరకూ ఆ బండి రానట్టే. లోపలున్న జనం కిటికీల్లోంచి చేతులూపుతున్నా సరే.

ఇన్నేళ్ళూ అందులో తప్పేమీ కనబడలేదు నాకు. ఇవాళ పాలు పిండుతూ ఆ డ్రైవర్లందరికీ మనసులోనే సారీ చెప్పాను.

మార్చి 15

మొదటిసారి నా గుండెల మీద పడుకోబెట్టారు. వైర్లతో సహా. తడిపి పిండిన చేతిరుమాలంత బరువు. నా చర్మానికి అంటుకుపోయింది.

ఏదైనా మాట్లాడండి, మీ గొంతు దానికి తెలుసు అంది సిస్టర్. నాకు పాటలు రావు. ముద్దు మాటలు అసలే రావు. నోటికి ఏదొస్తే అదే అన్నాను. ప్రయాణికులకు గమనిక, ఎక్స్‌ప్రెస్ సర్వీసు నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదకు వచ్చుచున్నది. మెల్లగానే, కానీ డ్యూటీ గొంతుతో. మానిటర్‌లో ఆక్సిజన్ అంకె మెల్లగా పైకి పాకింది. పక్క కుర్చీలో ఉన్న కవలల తల్లి నవ్వు ఆపుకోలేక కళ్ళు తుడుచుకుంది.

కడుపులో ఉన్నన్నాళ్ళూ అది విన్నది ఇదే కదా. బస్సులన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి. సర్వీసులన్నీ వరసపెట్టి చెప్పాను.

మార్చి 19

ఊపిరి తీసుకోవడం మరిచిపోయింది. ఇంత ముందొచ్చిన పిల్లలు అలా మరిచిపోతుంటారట. సిస్టర్ అరికాలి మీద వేలితో తట్టింది. తీసుకుంది. మళ్ళీ మరిచిపోయింది. మళ్ళీ తట్టింది.

భయం వేసింది. చాలా. రాయకపోతే అబద్ధమవుతుంది.

మార్చి 20

ఇన్ఫెక్షన్ అట. ఊపిరికి ట్యూబ్ వేశారు. ఇప్పుడే ఏమీ చెప్పలేం అంది డాక్టరమ్మ.

ఇంటికొచ్చేసరికి మా ఆయన పెద్దమ్మ ఫోన్. అంతా బాగానే ఉంది, రెస్ట్ తీసుకుంటోంది అని అత్తయ్య చెబుతోంది. ఫోన్ లాక్కుని కట్ చేశాను. అది అక్కడ ఊపిరి కోసం కుస్తీ పడుతుంటే ఇక్కడ మీకింకా పుట్టనే లేదా అని అరిచాను. అత్తయ్య తోమిన గిన్నెనే మళ్ళీ తోముతూ ఉండిపోయింది.

మార్చి 21

మెటర్నిటీ లీవ్ ఇప్పటి నుంచే కావాలని చెప్పడానికి బస్ స్టేషన్‌కి వెళ్ళాను. మైక్ గదిలో నా బదులు దగ్గు మాస్టారు ఉన్నాడు. ప్రతి బండికీ ముందు ఓసారి దగ్గుతాడు, అందుకని ఆ పేరు. నా పొట్ట వైపు చూశాడు. మొహం వైపు చూశాడు. ధైర్యంగా ఉండమ్మా అన్నాడు.

పోయిందనుకున్నాడు.

ఉంది మాస్టారూ, ఓసారి లేవండి అన్నాను. లేచాడు. కూర్చుని మైక్ ఆన్ చేశాను.

ప్రయాణికులకు గమనిక. మే నెలాఖరుకు రావలసిన నా కూతురు మార్చి ఒకటవ తేదీనే వచ్చియున్నది. ఎవరికి కలిగిన ఏ అసౌకర్యానికీ చింతించడం లేదు.

స్టేషన్‌లో జనం తలలెత్తి స్పీకర్ల వంక చూశారు. ఆరో ప్లాట్‌ఫారం మీద ఒక డ్రైవర్ గట్టిగా హారన్ కొట్టాడు, సరిగ్గా హారన్ కొట్టరాదు అన్న బోర్డు కింద. దగ్గు మాస్టారు నా తల మీద చెయ్యి పెట్టి ఏదో అనబోయి దగ్గాడు. బయటికొస్తుంటే మూట మీద కూర్చున్న ముసలావిడ, మైకులో చెప్పింది నువ్వేనా, నీ పిల్ల చల్లగా ఉండాలి తల్లీ అంది. ఇన్నాళ్ళకి ఒక మనిషి అంది ఆ మాట.

మెమో ఇస్తానన్నాడు మేనేజర్. ఇవ్వమన్నాను.

మార్చి 22

ఊరంతా తెలిసిపోయింది. ఇవాళ అత్తయ్య మొదటిసారి ఆస్పత్రికొచ్చింది. యుద్ధానికి సిద్ధమయ్యాను. ఆవిడ వరండా బెంచీ మీద కూర్చుని మెల్లగా చెప్పింది.

మా ఆయన కంటే ముందు ఆవిడకో ఆడపిల్ల. ఇలాగే నెలలు నిండకుండా పుట్టింది. సంతోషం పట్టలేక ఆ రోజే అందరికీ కబురు చేసిందట. పిల్ల ఎన్నాళ్ళో ఉండలేదు. ఆ తర్వాత రోడ్డు మీద కనబడిన ప్రతివాళ్ళూ నవ్వుతూ పాప ఎలా ఉందని అడిగేవాళ్ళట. చెప్పిన ప్రతిసారీ మళ్ళీ పోయినట్టుండేది, నీకా గతి వద్దనుకున్నాను అంది. ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదట. ఎంతమంది పిల్లలని ఎవరడిగినా ఒక్కడే అనడం అలవాటైపోయిందట.

నా కోపం సగం పోయింది. మిగతా సగం నాకు కావాలి. వెయ్యిమంది అడిగినా చెప్తాను అత్తయ్యా, పుట్టిందన్న మాట మాత్రం దాచను అన్నాను. చెయ్యి పట్టుకుని పిల్లల వార్డు అద్దాల కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. చాలాసేపు చూసింది. అచ్చం వాడి ముక్కే అంది, ఫిర్యాదు చేస్తున్నట్టు.

ఏప్రిల్ 2

ట్యూబ్ తీసేశారు.

ఏప్రిల్ 17

తనంతట తాను పాలు తాగింది. ఒగరుస్తూ, మధ్యలో నిద్రపోతూ, నన్ను విసుక్కుంటూ. ఈ పొగరు ఎవరిదో అడగనక్కర్లేదు.

మెమో కూడా వచ్చింది. అనుమతి లేని ప్రకటన చేసినందుకు సంజాయిషీ ఇవ్వాలట. బండి నిజంగానే వచ్చింది సార్ అని రాసి పంపాను.

మే 12

ఇంటికి తెచ్చాం. ఎదురింటావిడకి తలుపు కొట్టి మరీ చూపించింది అత్తయ్య.

మే 24

రావలసిన తేదీ ఇవాళ.

హెల్త్ వర్కర్ అమ్మాయి వచ్చి పిల్లని తూచింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా నెలలు నిండకుండా కాన్పయిందా అని అడిగింది. మీకెంతమందమ్మా అని అత్తయ్య వైపు తిరిగింది.

ఇద్దరు అంది అత్తయ్య. పెద్దది ఆడపిల్ల, ముందే వచ్చింది అంది.

మా ఆయన చేతిలో టీ కప్పుతో అలాగే నిలబడిపోయాడు. ఆ అమ్మాయి పెన్ను ఆగింది.

రాసుకోమ్మా అంది అత్తయ్య.