శ్రుతి తప్పిన ఫ్రిజ్

పెద్దాపురం, మంగళవారం

ఫ్రిజ్ బాగైంది. అయినా మనసు కుదురుగా లేదు.

నెలన్నరగా కంపెనీకి ఎంత మర్యాదగా ఫిర్యాదు చేసినా "కనుక్కుని చెబుతామండి" అనడమే తప్ప పట్టించుకోలేదు. విసుగొచ్చి మొన్న ఇలా రాశాను: "మీ ఫ్రిజ్ చల్లబరచడం మానేసి రాత్రంతా మా చర్చి పాటలు పాడుతోందండి. అదీ శ్రుతి తప్పి. మెకానిక్‌నైనా పంపండి, సంగీతం మాస్టారినైనా పంపండి." గంటలో ఫోనొచ్చింది. మాట్లాడిన అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఇవాళ మెకానిక్ సత్తిబాబు గారు వచ్చి కంప్రెసర్ మార్చారు. నా తెలివికి నేనే మురిసిపోతూ కాఫీ ఇచ్చాను.

"మీరు రాసింది ఆఫీసులో అందరూ చదివారండి. అందుకే ముందు మీ ఇంటికి వెళ్లమన్నారు" అన్నారాయన. "నిజానికి ఈ కంప్రెసర్ సామర్లకోటలో ఒకావిడ కోసం వచ్చిందండి. ఆవిడ ఫ్రిజ్‌లో ఇన్సులిన్ పెట్టుకుంటారు. ఇంకోటి రావాలంటే పది రోజులు పడుతుంది."

నా ఫ్రిజ్‌లో ఉండేది పెరుగూ, దోసెల పిండీ.

సామర్లకోట మాకు పక్కనే కదా, ఇన్సులిన్ మా ఇంట్లో పెట్టుకోమని చెబుదామని, ఆయన్నడిగి నంబరు తీసుకుని సాయంత్రం ఆవిడకి ఫోన్ చేశాను.

"కంపెనీ నుంచాండీ?" అన్నారు ఆశగా. నేను నోరు తెరిచేలోపే, "తడి ఇసకలో కుండ పెట్టి మందు అందులో దాచుకుంటున్నానండి. నా వంతు ఎప్పుడొస్తుందో చెబితే చాలు" అన్నారు.

ఆ వంతు నేనే లాక్కున్నానని ఎలా చెప్పను?

"కనుక్కుని చెబుతానండి" అన్నాను, అచ్చం కంపెనీవాళ్లలాగే.